రెండు కంప్యూటర్లు, ఒక ఆట

మన మారిషస్ దీవిలో జనవరి నెల తుఫానుల కాలం. ఆ సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఒక జనవరిలో తుఫాను హెచ్చరిక వచ్చింది. బడులు మూశారు. మా అక్కగారి ఇల్లు సముద్రం ఒడ్డున ఉన్నది. అందుచేత వారందరూ ముందురోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చేశారు. మా మేనల్లుడు తన ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకొని, వాన తగలకుండా గుండెకు హత్తుకొని తెచ్చాడు.

మరునాడు ఉదయం గాలి హోరున వీస్తున్నది. కిటికీలన్నీ బిగించాము. కరెంటు ఉన్నది కాని ఇంటర్నెట్ పోయింది.

"మామయ్యా! ఇక ఆటలు లేవు," అని మేనల్లుడు దిగులుపడ్డాడు.

"పోయినది బయటి ప్రపంచానికి దారి. మన ముందుగదికీ వెనుకగదికీ మధ్య దారి పోలేదు కదా! రెండు కంప్యూటర్లు ఒకే ఇంట్లో ఉంటే అవి మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్ అక్కరలేదు," అన్నాను.

మా ఇంట్లోని కంప్యూటరులోనూ, వాడి ల్యాప్‌టాప్‌లోనూ సూపర్‌టక్స్‌కార్ట్ అనే బండ్ల పందెం ఆట ఉన్నది. అది ఎవరైనా డబ్బు చెల్లించకుండా తెచ్చుకోదగిన ఆట. 2019లో వచ్చిన దాని 1.0 కూర్పు నుండి ఒకే ఇంటిలోని రెండు కంప్యూటర్ల మీద కలిసి ఆడే వీలు కలిగింది. మా అమ్మాయి ముందుగదిలో కూర్చున్నది. ఆమె తెర తనకు కనబడకూడదు, తన తెర ఆమెకు కనబడకూడదు అని మేనల్లుడు వెనుకగదికి పోయాడు. ఇంట్లోని వై-ఫై ద్వారా రెండు యంత్రాలు కలిశాయి. పందెం మొదలయింది.

పావుగంట గడిచిందో లేదో, ఇద్దరూ అరుచుకుంటూ నా దగ్గరకు వచ్చారు.

ఎవరిది అబద్ధం?

ఆ ఆటలో దారి మీద బహుమతి పెట్టెలు ఉంటాయి. బండితో వాటిని తాకిన వారికి ఏదో ఒక వస్తువు దొరుకుతుంది.

"నాన్నా! పెట్టె నేను తీశాను. బావ తానే తీశానంటున్నాడు," అన్నది మా అమ్మాయి.

"మామయ్యా! నా తెర మీద నేనే ముందున్నాను. తను నా వెనుక ఉన్నది. పెట్టె నాకే తగిలింది. వెంటనే నా చేతిలోనుంచి మాయమై తనకు పోయింది," అన్నాడు మేనల్లుడు.

"అబద్ధాలకోరు! ఓడిపోయి అబద్ధం ఆడుతున్నాడు."

ఆ మాటకు వాడి ముఖం ఎర్రబడింది. ల్యాప్‌టాప్ మూసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మా అమ్మ వేడివేడి పప్పుగారెలు పెట్టినా ముట్టలేదు. ఓడినందుకు వాడికి అంత బాధ లేదు. అబద్ధాలకోరు అన్నందుకు బాధ.

బాలలారా! వీరిలో అబద్ధం ఆడినది ఎవరు? ఎవరూ కాదు. ఇద్దరూ తమ కళ్లతో చూసినదే చెప్పారు. అది ఎలా సాధ్యమో తెలియాలంటే రెండు కంప్యూటర్లు కలిసి ఆట ఎలా ఆడిస్తాయో తెలుసుకోవాలి.

రెండు బల్లలు, ఒక చదరంగం

మీరు ఒక ఊరిలో, మీ స్నేహితుడు వేరొక ఊరిలో ఉన్నారనుకోండి. టెలిఫోనులో చదరంగం ఆడాలి. ఎలా ఆడతారు? మీ ముందు ఒక బల్ల, అతని ముందు ఒక బల్ల పెట్టుకుంటారు. రెండింటి మీద పావులను ఒకే విధంగా పేర్చుకుంటారు. మీరు ఒక బంటును కదిపి, ఆ ఎత్తును ఫోనులో చెబుతారు. అతడు తన బల్ల మీద కూడా మీ బంటును అలాగే కదుపుతాడు. బల్ల ఫోనులో పోదు. పావులు పోవు. ఒక్క చిన్న మాట మాత్రమే పోతుంది.

రెండు కంప్యూటర్లు చేసేదీ ఇదే. రెండింటిలోనూ ఆట పూర్తిగా ఉంటుంది. దారి, చెట్లు, బండ్లు, పెట్టెలు అన్నీ రెండింటిలోనూ ఉంటాయి. ఒకదాని నుండి మరొకదానికి బొమ్మలు పోవు. "నా బండి ఇక్కడ ఉన్నది, ఇంత వేగంతో పోతున్నది, ఎడమకు తిరిగింది" అనే చిన్న చిన్న వార్తలు మాత్రమే పోతాయి.

బొమ్మలే పంపితే ఏమవుతుంది? ఒక లెక్క చూడండి. ఈనాటి తెరలలో చాలావాటికి అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 20,73,600 చుక్కలు. ఇలాంటి బొమ్మలు సెకనుకు 60 మారితే కాని ఆట నున్నగా సాగదు. అన్ని చుక్కల రంగులూ పంపడం పెద్ద పని. బండి ఎక్కడ ఉన్నదో చెప్పడానికి కొద్దిపాటి అంకెలు చాలు. అందుకే వార్త పంపడం తేలిక.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. బల్లలు రెండు కనుక అవి ఒక్కొక్కసారి తేడాగా ఉండవచ్చు. మీరు బంటును కదిపారు. ఆ మాట ఇంకా అవతలికి చేరలేదు. ఆ క్షణంలో మీ బల్ల వేరు, అతని బల్ల వేరు. చదరంగంలో ఒకరి తరువాత ఒకరు ఆడతారు కనుక నష్టం లేదు. బండ్ల పందెంలో ఇద్దరూ ఒకేసారి ఆడతారు. చిక్కంతా అక్కడే ఉన్నది.

మధ్యవర్తి

రెండు బల్లలు తేడాగా ఉన్నప్పుడు ఏది సరైనదో చెప్పడానికి ఒక మధ్యవర్తి కావాలి. ఫుట్‌బాల్ ఆటలో రిఫరీ ఉన్నట్లే, కంప్యూటర్ల ఆటలోనూ ఒకరు ఉంటారు. అతని పేరు సర్వరు. ఇంట్లో ఆడుకునేటప్పుడు సర్వరు పనికి మూడవ యంత్రం అక్కరలేదు. రెండు కంప్యూటర్లలో ఏదో ఒకటి ఆట ఆడిస్తూనే ఈ పని కూడా చేస్తుంది. ఆట మొదలుపెట్టినప్పుడు "సర్వరు ఏర్పాటు చేయి" అన్నది ఏ కంప్యూటరులో నొక్కితే అదే మధ్యవర్తి. అవతలివారు "సర్వరును వెతుకు" అన్నది నొక్కి అందులో చేరతారు.

ఆ రోజు మధ్యవర్తి మా అమ్మాయి ముందున్న కంప్యూటరు.

ఇప్పుడు పెట్టె సంగతి చూద్దాం. వెనుకగది నుండి వార్త ముందుగదికి చేరడానికి సెకనులో పదవ వంతు పట్టిందని అనుకోండి. సెకనును వెయ్యి భాగాలు చేస్తే ఒక్కొక్క భాగాన్ని మిల్లీసెకను అంటారు. పదవ వంతు అంటే 100 మిల్లీసెకనులు.

మేనల్లుడి బండి పెట్టెను తాకింది. "నేను తాకాను" అనే వార్త బయలుదేరింది. అది దారిలో ఉండగానే, 60 మిల్లీసెకనుల తరువాత, మా అమ్మాయి బండి పెట్టెను తాకింది. ఆమె మధ్యవర్తి పక్కనే ఉన్నది కనుక ఆమె వార్తకు ప్రయాణం లేదు. మధ్యవర్తి ఆమెకు పెట్టె ఇచ్చాడు. మరి 40 మిల్లీసెకనుల తరువాత మేనల్లుడి వార్త వచ్చింది. అప్పటికి పెట్టె లేదు. "నీకు రాలేదు" అని మధ్యవర్తి జవాబు పంపాడు. ఆ జవాబు చేరగానే వాడి తెర మీద పెట్టె మాయమయింది.

మరి వాడి తెర మీద ఆమె వెనుక ఉన్నట్లు ఎందుకు కనబడింది? ఆమె ఎక్కడ ఉన్నదనే వార్త కూడా 100 మిల్లీసెకనులు ప్రయాణం చేసే వచ్చింది. అంటే వాడు చూస్తున్నది ఇప్పటి ఆమె బండిని కాదు, కొంచెం ముందటి బండిని. సెకనుకు 20 మీటర్లు పోయే బండి సెకనులో పదవ వంతులో 2 మీటర్లు పోతుంది. ఆమె నిజంగా ఉన్న చోటుకు 2 మీటర్లు వెనుక వాడికి కనబడింది.

వాడు చూసినది అబద్ధం కాదు. అది పాత వార్త.

పాత వార్త

మన పూర్వులలో చాలామంది పందొమ్మిదవ శతాబ్దంలో గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి మొదలైన రేవుల నుండి ఓడలెక్కి ఈ దీవికి వచ్చారు. చెరకు తోటలలో పని చేశారు. ఆ కాలంలో ఒక ఉత్తరం సముద్రం దాటాలంటే వారాలు పట్టేది. "పంటలు బాగున్నాయి, అమ్మ కులాసా" అని ఉత్తరం రాసినవాడు నిజమే రాశాడు. అది ఇక్కడికి చేరేసరికి అక్కడ ఎన్నో మారి ఉండవచ్చు. ఆ ఉత్తరం చదివి ఎవరూ రాసినవాడిని అబద్ధాలకోరు అనలేదు. ఎప్పుడు రాశాడో తేదీ చూసుకునేవారు.

ఈ మాటలు చెప్పిన తరువాత మా అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత గారెల పళ్లెం తీసుకొని వెళ్లి బావ ముందు పెట్టింది. వాడు ఒక గారె తీసుకున్నాడు. కాని వెంటనే ఒక ప్రశ్న వేశాడు.

"అయితే మామయ్యా, వార్త త్వరగా చేరే ఉపాయం లేదా?"

"ఉన్నది. తీగ తెద్దాం," అన్నాను.

గాలిదారి, తీగదారి

వై-ఫై అంటే రేడియో తరంగాలతో మాట్లాడుకోవడం. తుఫానులకు తట్టుకోవాలని మన ఇళ్లను కాంక్రీటుతో కట్టుకుంటాము. మనల్ని కాపాడే ఆ గోడలే వై-ఫైకి అడ్డు. గోడ దాటేసరికి తరంగాల బలం తగ్గుతుంది. వార్త సరిగా చేరక మళ్లీ మళ్లీ పంపవలసి వస్తుంది. పైగా ఇంట్లోని ఫోనులు, టెలివిజను కూడా అదే గాలిదారిని వాడుకుంటాయి. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు ఆగవలసిందే. అందుకే వార్త ఒకసారి త్వరగాను, ఒకసారి ఆలస్యంగాను చేరుతుంది.

తీగదారిలో ఈ బాధ లేదు. రెండు కంప్యూటర్లను కలిపే ఈ తీగను ఈథర్‌నెట్ కేబులు అంటారు. ఈథర్‌నెట్ పద్ధతిని 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనేవారు రూపొందించడం మొదలుపెట్టారు. మా తీగ పొడవు 10 మీటర్లు. ఇలాంటి తీగ 100 మీటర్ల వరకు చక్కగా పని చేస్తుంది.

తీగ చివర ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కును పిల్లలకు చూపించాను. లోపల ఎనిమిది సన్నని రాగి తీగలు, ఎనిమిది రంగులలో ఉన్నాయి. అవి రెండేసి చొప్పున జడలా మెలిపెట్టి ఉంటాయి. మెలిక అందం కోసం కాదు. పక్కనున్న కరెంటు తీగల వల్ల కలిగే అలజడి, మెలిపెట్టిన రెండు తీగలకూ సమానంగా తగులుతుంది. అవతలి యంత్రం ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే చదువుతుంది కనుక ఆ అలజడి లెక్కలోకి రాదు.

ఇంకొక విశేషం. టెలిఫోనులో నా నోటి మాట మీ చెవికి చేరాలి. నా నోరు మీ నోటికి కలిపితే ఏమి లాభం? పాత పద్ధతి కంప్యూటర్లలో ఒక జత తీగలు మాట్లాడడానికి, ఒక జత వినడానికి ఉండేవి. రెండు కంప్యూటర్లను నేరుగా కలపాలంటే ఆ జతలను అటుదిటు మార్చిన ప్రత్యేకమైన తీగ వాడవలసి వచ్చేది. దానిని క్రాస్ఓవర్ కేబులు అనేవారు. ఈనాటి కంప్యూటర్లు ఏ జత ఏదో తామే కనిపెట్టి సర్దుకుంటాయి. కాబట్టి మామూలు తీగ చాలు. మీ ల్యాప్‌టాప్‌కు ఈ తీగ పట్టే రంధ్రం లేకపోతే యు.ఎస్.బి. రంధ్రంలో పెట్టే చిన్న అమరిక ఒకటి దుకాణాలలో దొరుకుతుంది.

తీగను గోడ వెంబడి పరిచాము. నడవకు అడ్డంగా వేస్తే మా అమ్మ కాలికి తగులుతుంది. ఇది కంప్యూటరు శాస్త్రం కాకపోయినా మరువకూడని విషయం.

ఇంటికి నంబరు

దారి వేసినంత మాత్రాన ఉత్తరం చేరదు. ఇంటికి చిరునామా ఉండాలి. కంప్యూటరు చిరునామాను ఐ.పి. చిరునామా అంటారు. మీరు తరచుగా చూసే రకంలో నాలుగు సంఖ్యలు, మధ్య చుక్కలు ఉంటాయి. ఒక్కొక్క సంఖ్య 0 నుండి 255 వరకు ఉండవచ్చు.

ఇంట్లో వై-ఫై వాడినప్పుడు రూటరు అనే పెట్టె అందరికీ చిరునామాలు పంచిపెడుతుంది. మనము నేరుగా తీగ కలిపితే మధ్యలో రూటరు లేదు. అప్పుడు మనమే పంచాలి. మేము రెండు కంప్యూటర్లలోనూ వై-ఫై ఆపివేశాము. ఏ దారిన పోవాలో ఆట తికమకపడకుండా ఉండాలని అలా చేశాము. తరువాత ఈథర్‌నెట్ అమరికలలో ఈ సంఖ్యలు రాశాము:

ముందుగది కంప్యూటరు: 192.168.50.1
వెనుకగది ల్యాప్‌టాప్: 192.168.50.2
రెండింటికీ మాస్కు: 255.255.255.0

మాస్కు అంటే ఏమిటి? చిరునామాలో వీధి పేరు ఎంతవరకు, ఇంటి నంబరు ఎక్కడినుండి అని చెప్పేది మాస్కు. 255 ఉన్న మూడు చోట్లూ వీధి పేరు. 0 ఉన్న చివరి చోటు ఇంటి నంబరు. కనుక రెండు కంప్యూటర్లకూ మొదటి మూడు సంఖ్యలు ఒకటిగా ఉండాలి. చివరి సంఖ్య వేరుగా ఉండాలి. ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకే నంబరు ఉంటే ఉత్తరాలవాడు ఏమి చేస్తాడు? కంప్యూటర్లదీ అదే అవస్థ.

192.168తో మొదలయ్యే చిరునామాలను ఇళ్లలోనూ, కార్యాలయాలలోనూ సొంతంగా వాడుకోవడానికి కేటాయించారు. అవి బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. కాబట్టి మీ చిరునామా ప్రపంచంలో మరొకరి చిరునామాతో తగాదా పడుతుందనే భయం లేదు.

పిలిచి చూడడం

దారి ఉన్నది, చిరునామాలు ఉన్నాయి. ఇప్పుడు అవతలివాడు వింటున్నాడా లేదా చూడాలి. దీనికి పింగ్ అనే చిన్న సాధనం ఉన్నది. 1983లో అమెరికాలో మైక్ మూస్ అనే ఆయన దీనిని రాశాడు. నీటిలో జలాంతర్గాములను కనిపెట్టడానికి ఓడలు ఒక ధ్వనిని పంపి, దాని ప్రతిధ్వని కోసం వింటాయి. ఆ ధ్వని పేరే దీనికి పెట్టాడు.

మా మేనల్లుడు ల్యాప్‌టాప్‌లో ఆదేశాలు రాసే నల్లని తెర తెరిచి, పింగ్ అనే మాటను ఆంగ్ల అక్షరాలలో రాసి, పక్కన 192.168.50.1 అని రాశాడు. జవాబు లేదు! వాడి ముఖం మళ్లీ వాడిపోయింది.

"తీగ తెగిపోయిందా మామయ్యా?"

"తొందరపడకు. వాకిట్లో కావలివాడు ఉన్నాడేమో చూద్దాం," అన్నాను.

కంప్యూటరుకు కావలివాడి పేరు ఫైర్‌వాల్. తెలియనివారు తలుపు తడితే అతడు పలకనివ్వడు. పింగ్‌కు కూడా చాలాసార్లు పలకనివ్వడు. అది అతని తప్పు కాదు, అతని పని. కొందరు తొందరపడి ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేస్తారు. చుట్టం వచ్చాడని వీధి తలుపు, దొడ్డి తలుపు, కిటికీలు అన్నీ తెరిచి ఊరుకున్నట్లుంటుంది అది. తరువాత ఇంటర్నెట్ వచ్చినప్పుడు తలుపులు తెరిచి ఉన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. కావలివాడిని పంపివేయకూడదు. "ఈ చుట్టాన్ని మాత్రం రానివ్వు" అని చెప్పాలి. ఫైర్‌వాల్ అమరికలలో ఆ ఒక్క ఆటకు మాత్రమే అనుమతి ఇవ్వవచ్చు. ఆ పని ఇంట్లో పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని చేయండి.

మేము అలాగే చేశాము. పింగ్‌కు కూడా, ఆ ఒక్క ల్యాప్‌టాప్ నుండి వస్తే పలకమని చెప్పాము. మళ్లీ పిలిచాము. ఈసారి వరుసగా నాలుగు జవాబులు వచ్చాయి. ఒక్కొక్కటి వెళ్లి రావడానికి పట్టిన కాలం 1 మిల్లీసెకను కంటె తక్కువ!

"2 మీటర్ల తేడా ఇప్పుడు ఎంతయింది?" అని అడిగాను.

మా అమ్మాయి వేళ్ల మీద లెక్క కట్టింది. "సెకనుకు 20 మీటర్లు అంటే 2000 సెంటీమీటర్లు. ఒక మిల్లీసెకనులో 2 సెంటీమీటర్లు. అంతకంటె కూడా తక్కువ!"

ఈ విద్య ఎప్పటిది?

కంప్యూటర్ల మీద ఇద్దరు కలిసి ఆడడం కొత్త కాదు. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో స్పేస్‌వార్ అనే ఆట తయారయింది. అందులో ఇద్దరు ఆడేవారు. కాని యంత్రం ఒక్కటే. 1973లో కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధనా కేంద్రంలో పని నేర్చుకుంటున్న యువకులు మేజ్ వార్ అనే ఆట రాశారు. అందులో రెండు కంప్యూటర్లను తీగతో కలిపి, ఒకరినొకరు వెతుక్కుంటూ ఆడేవారు. 1987లో అటారీ ఎస్.టి. అనే ఇంటి కంప్యూటరు కోసం మిడి మేజ్ అనే ఆట వచ్చింది. సంగీత వాద్యాలను కలిపే తీగలతో 16 కంప్యూటర్ల వరకు వలయంగా కలిపి ఆ ఆట ఆడవచ్చు. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ అనే ఆట తరువాత, స్నేహితులు తమ కంప్యూటర్లను మోసుకొని ఒకరి ఇంటికి పోయి తీగలతో కలుపుకోవడం ఎన్నో దేశాలలో వాడుక అయింది. ఆనాటి కంప్యూటర్లు బరువైనవి. అయినా మోశారు. కలిసి ఆడడంలో ఉన్న సంతోషం అలాంటిది.

దూరాన ఉన్నవారితో ఇంటర్నెట్ మీద ఆడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆడవచ్చు. కాని దూరానికి సుంకం చెల్లించాలి. పోర్ట్ లూయీ నుండి పారిస్ నగరం సుమారు 9,400 కిలోమీటర్లు. సముద్రం అడుగున ఉన్న గాజు తీగలలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే 47 మిల్లీసెకనులు. పోయి రావడానికి 94. నిజానికి తీగలు తిన్నగా పోవు, నేలలను చుట్టి పోతాయి. కనుక ఇంకా ఎక్కువే పడుతుంది. ఎంత ఖరీదైన కంప్యూటరు కొన్నా వెలుతురు కంటె త్వరగా వార్త పంపలేదు.

న్యాయం

ఆ మధ్యాహ్నం గాలి ఇంకా వీస్తూనే ఉన్నది. పిల్లలు మళ్లీ పందెం మొదలుపెట్టబోతున్నారు. అప్పుడు మా అమ్మాయి ఒక మాట అన్నది.

"నాన్నా! తీగ కలిపినా మధ్యవర్తి నా కంప్యూటరే కదా. నా వార్తకు ప్రయాణం లేదు. బావ వార్తకు కొంచెమైనా ఉన్నది. కాబట్టి ఒక పందెం నా కంప్యూటరు మధ్యవర్తి, మరొక పందెం బావ ల్యాప్‌టాప్ మధ్యవర్తి. సరేనా?"

ఆ తేడా ఇప్పుడు కంటికి అందనంత చిన్నది. అయినా ఆమె దానిని గుర్తుపెట్టుకొని తానే అడిగింది. మేనల్లుడు "సరే" అన్నాడు. సాయంత్రం వరకు వారి గొంతులు వినబడుతూనే ఉన్నాయి. ఒకసారి ఆమె గెలిచింది, ఒకసారి వాడు గెలిచాడు. అబద్ధాలకోరు అనే మాట మాత్రం మళ్లీ వినబడలేదు. చీకటి పడే వేళకు కరెంటు కూడా పోయింది. అప్పుడు నిజంగానే చదరంగం బల్ల తీశాము.

ఆట అయిన తరువాత ఈథర్‌నెట్ అమరికలను మునుపటివలె "తనంతట తాను" అనే స్థితికి మార్చాలి. లేకపోతే ఆ తీగను మరొకనాడు రూటరుకు పెట్టినప్పుడు ఇంటర్నెట్ రాదు. మేము ఆ పని మరచిపోయి, తరువాతి వారం ఒక గంటసేపు తల గోక్కున్నాము. మీరు మరచిపోకండి.

బాలలారా! రెండు కంప్యూటర్లు కలవాలంటే దారి కావాలి, చిరునామా కావాలి, ఇద్దరూ ఒప్పుకొనే మధ్యవర్తి కావాలి. ఇద్దరు మనుషుల మధ్య మాట తేడా వచ్చినప్పుడు కూడా వెంటనే అబద్ధమని అనకండి. "నీకు ఏమి కనబడింది? ఎప్పుడు కనబడింది?" అని అడగండి. వార్త ఆలస్యంగా చేరి ఉండవచ్చు.

ప్రశ్నలు

1. రెండు కంప్యూటర్లు ఆట ఆడించేటప్పుడు బొమ్మలను పంపుకోవు. మరి ఏమి పంపుకుంటాయి? ఎందుకు?
2. బహుమతి పెట్టె తగాదాలో ఇద్దరూ నిజమే చెప్పారని ఎలా అనగలం?
3. 192.168.50.1, 192.168.51.2 అనే చిరునామాలు, 255.255.255.0 అనే మాస్కు ఉన్న కంప్యూటర్లు ఒకే వీధిలోనివేనా? కారణం చెప్పండి.
4. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఎందుకు ఆపకూడదు?
5. మీ ఇంట్లో తాతగారినో నాయనమ్మగారినో అడిగి, ఆలస్యంగా చేరిన ఒక ఉత్తరం కథ తెలుసుకొని తెలుగులో పది వాక్యాలు రాయండి.